ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

మా అక్కని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. టేపక్క అంటారు. కొలతలు తీసే టేపు ఆవిడ మెడలో లేని రోజు నేను చూడలేదు. బ్యాంకుకి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా అది అలా వేలాడుతూనే ఉంటుంది. నేను కాలేజీలో ఉండగా ఒకసారి ప్రిన్సిపాల్ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురమ్మంటే, అక్క మిషను మీంచి లేచి అలాగే వచ్చేసింది. నా స్నేహితురాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చాక నేను ఒంటికాలి మీద లేచాను. "మర్చిపోయానే, ఈసారి తీసేసి వస్తాలే" అంది. ఆ ఈసారి కూడా టేపుతోనే వచ్చింది. ఆవిడ్ని చూసి సిగ్గుపడటం నాకు అప్పట్నుంచీ అలవాటు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నన్ను చూసుకుని నేను సిగ్గుపడ్డ సంగతి.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. అక్క తన చదువు అటకెక్కించి, సందు చివర సైకిల్ రిపేరు షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఉన్న బెత్తెడు గదిలో మిషను వేసుకుని కూర్చుంది. ఆ గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్టు మీద ఉండాల్సిందే. స్కూలు యూనిఫారాలు కుట్టేది. బడులు తెరిచే రోజుల్లో తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్ల గుట్టల మధ్య ఆవిడ తల మాత్రమే కనిపించేది. ఆ గుట్టలకి ఆనుకునే నేను ఎక్కాలు బట్టీ పట్టాను, అక్కడే పరీక్షలకి చదివాను, అక్కడే నిద్రపోయాను. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు దీని చదువు కానివ్వండి" అనేది. నా చదువు అయ్యేసరికి అడిగేవాళ్ళు మానేశారు.

నేను పిల్లల పళ్ళ డాక్టర్నయ్యాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల చేత నోరు తెరిపించడమే నా పని. పెళ్ళయింది, పాప పుట్టింది, మూడేళ్ళకి బాబు పుట్టాడు. ఇద్దరికీ స్నానాలు పోసిందీ, ముద్దలు పెట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ వాళ్ళ పెద్దమ్మే. మా ఇంట్లో ఒక గది అచ్చంగా అక్కదే అని అందరితో చెప్పేదాన్ని. ఆ గదిలోనే ఇస్త్రీ బల్లా, పిల్లల పాత సైకిళ్ళూ, నా పాత పుస్తకాల పెట్టెలూ ఉంటాయని మాత్రం చెప్పేదాన్ని కాదు.

పిల్లల్ని ఓడెక్కించి దక్షిణ ధ్రువం దగ్గరి మంచు చూపించాలన్న పిచ్చి నాదే. పాప క్లాసులో ఒకమ్మాయి మంచుకొండ మీద తీయించుకున్న ఫొటో తెచ్చి నెల రోజులు అందర్నీ ఊదరగొట్టిందట. ఆ అమ్మాయికి పన్ను తీయించడానికి నా దగ్గరికొచ్చిన తల్లి కూడా పన్ను మాట వదిలేసి ఆ మాటే చెప్పింది. అంతే, నాకు పట్టుకుంది. నేను ఎంచిన ఓడ మామూలు ఓడ కాదు. గదికో బాల్కనీ, వేడినీళ్ళ ఈతకొలను, పెంగ్విన్ల గురించి పాఠాలు చెప్పడానికి టీచర్లు, మంచు మీదికి దింపడానికి రబ్బరు పడవలు. తలగడ ఏ రకం కావాలో ఎంచుకోమని ముందుగానే ఒక పట్టిక పంపారు. అది చూసి అక్క, "నిద్రొచ్చినవాడికి మోచెయ్యి చాలదుటే?" అంది.

అప్పటికి అక్క వచ్చే మాట లేదు. బయలుదేరడానికి ఇరవై రోజులుందనగా మా ఆయన నడుం పట్టేసి మంచమెక్కారు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఆయన తమ్ముడొచ్చాడు. ఆయన టికెట్టు నేను అక్క పేరు మీదికి మార్పించాను. అక్క మీద ప్రేమ కొద్దీ మార్పించానని చాలామందికి చెప్పాను. నిజానికి ఇద్దరు పిల్లల్ని ఒక్కదాన్నీ సంబాళించలేక మార్పించాను.

"నాకెందుకే ఆ చలి" అంది అక్క ముందు. రెండు రోజుల తర్వాత ఓడవాళ్ళ రంగుల పుస్తకం పట్టుకుని నా గదిలోకొచ్చింది. చివరి పేజీలో ఉన్న మ్యాపు మీద వేలు పెట్టి ఉంచింది.

"ఏమే, ముందు దింపేవన్నీ దీవులటగా?"

"ఊఁ."

"ఆఖరి రోజు దింపేది మాత్రం అసలు నేలట. పాప చదివి చెప్పింది."

"అవును, అది ఖండం. అయితే?"

"గౌను పనితనం తెలియాలంటే కింది అంచు తిప్పి చూడాలే. ఈ భూమికి కింది అంచు ఎలా ఉందో ఒక్కసారి నిలబడి చూస్తాను. నాకది ఒక్కటి చూపించు చాలు. మిగతా రోజులన్నీ పిల్లల సంగతి నేను చూసుకుంటా, నువ్వు హాయిగా తిరుగు."

నాకు తెలిసి అక్క నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "అదెంత పని అక్కా" అన్నాను.

ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం భోజనాల హాల్లో మా బల్ల దగ్గర ఒక కంటి డాక్టరూ, ఆయన భార్యా కూర్చున్నారు. మన భాషవాళ్ళే. అంత దూరాన మన మాట చెవిన పడేసరికి ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాల్లో మా ప్రొఫెసరు గారు వాళ్ళకి చుట్టమని కూడా తేలింది. ఆ సమయానికి అక్క బాబుకి సూపు తెచ్చి, గిన్నెలో తిప్పి తిప్పి చల్లార్చి తాగించి, మూతి తుడుస్తోంది. పాత స్వెట్టరు, మెడలో టేపు. పిల్లలిద్దరూ అటూ ఇటూ చేరి "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటున్నారు.

కంటి డాక్టరు భార్య నా వైపు వంగింది. "మీ ఆయమ్మ పిల్లల్ని ఎంత బాగా చూసుకుంటోందండీ! పైగా పెద్దమ్మా అని పిలిపిస్తున్నారు. పనివాళ్ళకి ఈ రోజుల్లో అంత గౌరవం ఎవరిస్తారు చెప్పండి?"

ఆవిడ గొంతు తగ్గించే అంది. కానీ అక్క రెండడుగుల దూరంలోనే ఉంది. "మా అక్కండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాటి నుంచి అక్క పిల్లల్ని తీసుకుని హాలు చివర పిల్లల కోసం వేసిన చిన్న బల్లల దగ్గరే తినడం మొదలుపెట్టింది. "అక్కడైతే వీడు పేచీ పెట్టకుండా తింటున్నాడే" అంది. నేను నమ్మినట్టు తలూపాను.

ఇక బిళ్ళ సంగతి చెప్పాలి. ఓడ అడుగు అంతస్తులో, పడవల్లోకి దిగే తలుపు పక్కన బూట్ల గది ఉంది. దిగే ముందు అక్కడ బూట్లు మందునీళ్ళ తొట్టిలో ముంచి బ్రష్షుతో రుద్దుకోవాలి. జేబుల్లో గొట్టం పెట్టించి దుమ్ము లాగించుకోవాలి. మన ఊరి గింజ ఒక్కటి కూడా ఆ నేల మీద రాలకూడదు, అక్కడ కూర్చోకూడదు, ఏదీ కింద పెట్టకూడదు. అక్క జేబుల్లో దారప్పోగులు దొరికితే మూడుసార్లు దులిపించారు. "పుట్టినప్పట్నుంచీ ఉన్నవే, ఒక్క రోజులో పోతాయా" అని అక్క నవ్వింది.

ఆ గది గోడకి పెద్ద చెక్క పలక. దాని మీద వరసగా మేకులు, ప్రతి మేకుకీ నంబరు వేసిన ఒక బిళ్ళ. బిళ్ళకి ఒక పక్క తెలుపు, రెండో పక్క ఎరుపు. దిగేటప్పుడు ఎరుపు పైకి తిప్పాలి, తిరిగొచ్చాక తెలుపు తిప్పాలి. పలకంతా తెల్లగా ఉంటే ఒడ్డున ఎవరూ లేనట్టు లెక్క. ఇన్ని హంగులున్న ఓడలో ఇదేం పాత పద్ధతి అని అందరం నవ్వాం. ప్రయాణానికంతటికీ పెద్దగా ఒకావిడ ఉండేది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పొడుగాటి మనిషి, అందరూ లీడర్ అనేవారు. "కంప్యూటర్లు ఆగిపోతాయి, మేకు ఆగదు" అంది ఆవిడ. తర్వాత అందర్నీ నిలబెట్టి ముమ్మారు చెప్పింది.

"ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. భార్యది భర్త తిప్పకూడదు, పిల్లలది తల్లి తిప్పకూడదు. పిల్లలకి అందకపోతే ఎత్తుకోండి, చెయ్యి మాత్రం వాళ్ళదే ఉండాలి. ఇందులో తప్పు చేసినవాళ్ళు మిగతా ప్రయాణమంతా ఓడ దిగరు. ఎవరైనా సరే."

లీడర్ మాట్లాడేది ఇంగ్లీషు, అక్కకి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను చెప్పాలి. ఇదంతా అక్కకి వివరంగానే చెప్పాను. మా నంబర్లు నలభై ఒకటి నుంచి నలభై నాలుగు. నలభై నాలుగు అక్కది. మొదటి రెండుసార్లు దిగినప్పుడు అక్క బాబుని చంకనెత్తుకుని వాడి చేత తిప్పించి, తన బిళ్ళ తిప్పి, వెనక్కి వచ్చి మళ్ళీ సరిచూసుకుంది. ఒడ్డున పెంగ్విన్ల గుంపు చూసి నోరు వెళ్ళబెట్టింది. "ఇన్ని కోట్లు ఎవరు కుట్టారే! ఒక్కదానికైనా చంక దగ్గర పట్టెయ్యలేదు." ఆ మాటకి పాప పడీ పడీ నవ్వింది.

మూడోసారి దిగిన దీవిలో గాలి లేచింది. మంచు పొడి మొహాన కొడుతుంటే పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. అందర్నీ వెనక్కి రమ్మన్నారు. పడవ దగ్గరికి వచ్చేసరికి బాబు కుడిచేతి గ్లౌజు లేదు. వాడు రాగం అందుకున్నాడు.

"ఆ రాళ్ళ దగ్గర ఫొటో తీసేటప్పుడు విప్పాడే. అక్కడే పడుంటుంది. మీరు పదండి, నేను వెనక పడవలో వచ్చేస్తా" అని అక్క గట్టు అవతలికి వెళ్ళింది.

బూట్ల గదిలో కాలు పెట్టే చోటు లేదు. తడి కోట్లు, తడి బూట్లు, పిల్లల ఏడుపులు. పాప తన బిళ్ళ తిప్పుకుంది. నేను నాది తిప్పాను. బాబు చెయ్యి చాపనని మొండికేశాడు, వాడిది నేనే తిప్పాను. అదే ఊపులో పక్కనున్న నలభై నాలుగు కూడా తిప్పేశాను. మర్చిపోయి కాదు. వెనకే వస్తోందిగా, ఈ తోపులాటలో ఆవిడకి ఒక పని తగ్గుతుందిలే అనుకున్నాను. జన్మలో అక్కకి అడగకుండా చేసిపెట్టిన పని అదొక్కటే.

తర్వాత పిల్లల్ని వేడినీళ్ళలో కూర్చోబెట్టాను, నేనూ కూర్చున్నాను. అక్క గదిలో బట్టలు ఆరేస్తోందనుకున్నాను. అక్కడ ఓడవాళ్ళు పలక చూశారు, అంతా తెలుపు. ఒడ్డున ఉన్న వాళ్ళ మనుషులకి ఆ మాటే అందించారు. వాళ్ళు దారి చూపించే జెండాలు పీకేసి, ఆఖరి పడవెక్కి వచ్చేశారు. లంగరు పైకి లాగుతున్న చప్పుడు వినిపిస్తుండగా పాప నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, పెద్దమ్మ గదిలో లేదు. ఎక్కడా లేదు."

నేను తడి కాళ్ళతోనే పరిగెత్తాను. "మా మనిషి ఒకావిడ ఒడ్డున ఉండిపోయింది" అని అరిచాను. అంత కంగారులో కూడా మా అక్క అని రాలేదు నా నోట.

పడవ వెళ్ళి అక్కని తీసుకొచ్చేసరికి ఆవిడ అక్కడ ఒంటరిగా నిలబడి యాభై నిమిషాలైంది. పడవ ఆగే చోటునే, నీటి పక్కన, కదలకుండా నిలబడి ఉందట. పిడికిట్లో బాబు గ్లౌజు. పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. దుప్పట్లు కప్పి వేడి సంచులు పెడుతుంటే, "గాలికి అలా నిలబడే బదులు ఏ రాతి చాటునో కూర్చోకపోయావా అక్కా" అన్నాను.

"కూర్చోకూడదన్నారుగా" అంది.

సాయంత్రానికి అక్క తేరుకుంది. ఫరవాలేదని ఓడ డాక్టరు చెప్పాక లీడర్ మమ్మల్ని తన గదికి పిలిపించింది. చిన్న గది. గోడ నిండా మ్యాపులు, బల్ల మీద ఒక ఫైలు. అక్క దుప్పటి చుట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. పాప ఆవిడ భుజాన్ని అంటిపెట్టుకుని నిలబడింది, పొమ్మన్నా పోలేదు.

లీడర్ నాతో అంది: "నలభై నాలుగు తెల్లగా ఎలా ఉంది? ఆవిడ దిగేటప్పుడే తిప్పలేదా? లేకపోతే ఎవరైనా ఆవిడ బదులు తిప్పారా? ఆవిణ్ణి అడిగి చెప్పండి."

నేను అక్క వైపు తిరిగాను.

"ఎందుకు ఆలస్యమైందని అడుగుతున్నారక్కా" అన్నాను.

అక్క చేతులు జోడించినంత పని చేసింది. "గ్లౌజు తొందరగా దొరకలేదమ్మా. వెతుకుతూ ఉండిపోయాను. తప్పు నాదే. ఇంకెప్పుడూ అలా చెయ్యనని చెప్పు."

నేను లీడర్ వైపు తిరిగాను. "తప్పు తనదేనట. ఇంకెప్పుడూ అలా చెయ్యదట" అన్నాను.

అక్క అన్న మాటల్లో ఒక్కటి కూడా మార్చలేదు. మార్చింది ప్రశ్నని. పాప తలెత్తి నా మొహంలోకి చూసింది. దానికి రెండు భాషలూ వచ్చు.

లీడర్ నిట్టూర్చి ఒక కాగితం మీద రాసింది. నియమం నియమమేనని, ఆవిడ ఇంక ఓడ దిగడానికి వీల్లేదని చెప్పింది. అక్క ఆ కాగితం కింద ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టింది.

"ఏం రాశారే ఇందులో?"

"ఆలస్యం చేసినవాళ్ళని ఇంక దింపరట అక్కా."

"ఆఖరి రోజు కూడానా?"

"ఊఁ."

అక్క కాగితం నా వైపు జరిపింది. "ఒక్కసారి బతిమాలి చూడవే. పిల్లల చెయ్యి వదలనని చెప్పు. ఎక్కడ నిలబెడితే అక్కడే ఉంటానని చెప్పు. అయిదు నిమిషాలు చాలని చెప్పు."

లీడర్ ఏమంటోందన్నట్టు నన్ను చూసింది. "మీరు పడవ పంపి కాపాడినందుకు థాంక్స్ చెబుతోంది" అన్నాను. లీడర్ మొహం మెత్తబడింది. లేచి వచ్చి అక్క భుజం తట్టింది. వీల్లేదన్న మాట అంత దయగా చెప్పిందనుకుని అక్క ఆవిడకి దణ్ణం పెట్టింది.

ఎందుకు చేశావని అడిగితే చెబుతాను. నిజం చెబితే నేను దిగకూడదు. పిల్లల పక్కన ఖండం మీద నా ఫొటో ఉండదు. కంటి డాక్టరు దంపతులకి తెలుస్తుంది, ఓడంతా తెలుస్తుంది. తప్పు ఆయమ్మదైతే ఎవరూ రెండోసారి ఆలోచించరు. ఇన్ని లెక్కలు ఆ కుర్చీలో కూర్చుని నిమిషంలో వేసుకున్నాను. అక్క చదివించిన చదువు అందుకు పనికొచ్చింది.

మర్నాడు భోజనాల దగ్గర కంటి డాక్టరు భార్య, "మీ ఆయమ్మ భలే కంగారు పెట్టేసిందండీ. ఇలాంటి చోట్లకి కాస్త చదువుకున్నవాళ్ళని తెచ్చుకోవాలి" అంది. "అవునండీ" అన్నాను. ప్లేటు ఖాళీ చేశాను.

ఆ తర్వాత మూడు రోజుల్లో ఇంకో రెండు దీవుల్లో దింపారు. పొద్దున్నే అక్క పిల్లలిద్దరికీ లోపలి బట్టలు, పైబట్టలు, కోట్లు తొడిగి, టోపీలు చెవుల మీదికి లాగి తలుపు దాకా వచ్చి పంపేది. మేము తిరిగొచ్చేసరికి వేడి పాలు తెప్పించి ఉంచేది. ఒక్క మాట అనలేదు. అంటే నాకు కొంత తెరిపిగా ఉండేదేమో. ఒక రోజు పడవ కోసం మెట్లు దిగుతూ పాప నా చెయ్యి వదిలించుకుంది.

"అమ్మా, ఆవిడ అడిగింది అది కాదు కదా?"

"ఏది?"

"బిళ్ళ ఎవరు తిప్పారని అడిగింది. నువ్వు పెద్దమ్మకి వేరేది చెప్పావు."

"పెద్దవాళ్ళ విషయాల్లో తలదూర్చకు."

"నువ్వే తిప్పావు. నేను చూశాను."

"మెల్లిగా మాట్లాడు" అన్నాను. దానికి తొమ్మిదేళ్ళు. అది ఆ తర్వాత నాతో మెల్లిగా కూడా మాట్లాడలేదు.

లీడర్ గది దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆవిడ ఫోన్లో ఉంది. హమ్మయ్య అనుకుని వెనక్కొచ్చేశాను. రెండోసారి ఒక్కతే ఉంది, రమ్మని కుర్చీ చూపించింది. "పిల్లల క్లాసు ఎన్నింటికండీ?" అని అడిగాను. ఆ టైము ఆవిడ తలుపు మీదే అంటించి ఉంది. ఆవిడ వేలు పెట్టి చూపిస్తే చూసి, థాంక్స్ చెప్పి వచ్చాను.

ఆఖరి రోజు వచ్చింది. మబ్బు లేదు, గాలి లేదు. నేలంతా తెల్లగా మెరుస్తూ ఎదురుగా ఉంది. ఈ రోజు దింపేది అసలు ఖండం మీదేనని మైకులో చెప్పగానే ఓడంతా చప్పట్లు. అక్క బాబు కోటు జిప్పు లాగుతూ వాడికి చెబుతోంది. "దిగగానే పరిగెత్తకు నాన్నా. ముందు కాసేపు నిలబడి అన్నివైపులా చూడు. ఎలా ఉందో వచ్చి నాకు చెప్పాలి, సరేనా?" వాడు సరేనన్నాడు. పాప పెద్దమ్మ నడుం చుట్టూ చేతులు వేసి వదల్లేదు. "పోవే తల్లీ, అందరూ వెళ్ళిపోతున్నారు" అని అక్కే విడిపించి పంపింది.

ఈరోజు చెప్పేస్తానని నిశ్చయించుకునే బూట్ల గదిలోకి దిగాను. లీడర్ పలక పక్కనే నిలబడి ఉంది. ఇంతకన్నా సులువు ఏముంది? వంగి చెవిలో చెబితే చాలు. అక్క గది రెండంతస్తుల పైన. కబురు పెడితే అయిదు నిమిషాల్లో దిగి వస్తుంది. నా వెనకే కంటి డాక్టరు భార్య బూట్లు రుద్దుకుంటూ నిలబడింది.

"అంతా బాగేనా?" అంది లీడర్ నన్ను చూసి.

"బాగానే ఉందండీ" అన్నాను. బిళ్ళ ఎర్రగా తిప్పి పడవెక్కాను.

మా పడవలోనే వచ్చిన లీడర్ ఒడ్డున ముందుగా దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి దింపుతూ అభినందనలు చెప్పింది. నేనూ ఆ చెయ్యి పట్టుకుని దిగాను. నల్లటి గులకరాళ్ళు, పెంగ్విన్ల కంపు, వెనక ఎత్తుగా మంచు గోడ. అంతకంటే నాకేమీ గుర్తులేదు. బాబు పెద్దమ్మ చెప్పినట్టే కాసేపు నిలబడి అన్నివైపులా చూశాడు. ఫొటోకి రమ్మంటే పాప రాలేదు. దూరంగా వెళ్ళి ఓడ వైపు తిరిగి నిలబడింది. కంటి డాక్టరు గారు నన్నూ బాబునీ తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. ఇంటికొచ్చాక దాన్ని ఎవరికీ చూపించలేకపోయాను.

తిరిగొచ్చే పడవలో ఏడుపొచ్చింది. చలికి కళ్ళు నీరు కారుతున్నాయనుకుని పక్కావిడ రుమాలు ఇచ్చింది. లీడర్‌కి చెప్పలేకపోయాను, కనీసం అక్కకైనా చెప్పేసి కాళ్ళ మీద పడదామనుకున్నాను. బాబుని పాల కోసం పాపతో హాల్లోకి పంపి, ఒక్కదాన్నే గదికి వెళ్ళి తలుపు తీశాను.

అక్క మంచం అంచున కూర్చుని ఉంది. ఓడవాళ్ళిచ్చిన లావుపాటి కోటు మెడ దాకా జిప్పు లాగి, దాని మీద లైఫ్ జాకెట్ కట్టుకుని, టోపీ పెట్టుకుని, రెండు చేతులకీ గ్లౌజులు తొడుక్కుని. గదిలో హీటరు వెచ్చగా ఉంది. ఆవిడ మొహమంతా చెమట. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"ఎక్కడికక్కా ఇలా?" అన్నాను. అన్నాక నాకర్థమైంది.

"ఎక్కడికీ లేదులే" అని మళ్ళీ కూర్చుంది. గ్లౌజులు తీసి ఒడిలో పెట్టుకుంది. "పాప ఆ రోజే చెప్పిందే నాకు. ఆవిడ అడిగిందేమిటో, నువ్వు చెప్పిందేమిటో. నువ్వు ఎప్పటికైనా చెప్పేస్తావులే అనుకున్నా. అందుకే మీరు దిగిన ప్రతిసారీ ఇలా తయారై కూర్చుంటున్నా. రోజూ మీరొచ్చేలోగా విప్పేసేదాన్ని."

అక్క టోపీ తీసి గ్లౌజుల మీద పెట్టింది.

"ఆఖరి నిమిషంలో పిలుస్తారేమోనని. అప్పుడు ఈ బట్టలన్నీ వేసుకుంటూ కూర్చుంటే, మళ్ళీ నా వల్లే ఆలస్యమైందంటారు కదే."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎంత వెతికినా లేదు. లైఫ్ జాకెట్ బకిల్ ఆవిడ చెమట చేతులకి జారిపోతుంటే నేను మోకాళ్ళ మీద కూర్చుని విప్పాను. విప్పుతుండగా ఓడ కదిలింది.